ఊరికే వస్తే రుచేముంది?

మీ పెరట్లో కోళ్ళున్నాయా? అయితే ఓసారి గమనించండి. చేటెడు నూకలు పోసినా నాలుగు గింజలు ఏరుకుని చెత్తకుప్ప దగ్గరికి పరిగెడతాయి. కెలికి కెలికి ఒక్క పురుగు దొరికితే ఎంత సంబరమో! మా చోడవరంలో ఇది రోజూ చూసేదే. "కోడికి బుద్ధి లేదు" అని నవ్వుకుంటాం.

బుద్ధి లేక కాదండీ! 1963లో గ్లెన్ జెన్సెన్ అనే అమెరికా శాస్త్రవేత్త సుమారు 200 ఎలుకల మీద పరీక్ష చేశారు. ఒకపక్క గిన్నెలో తిండి, ఇంకోపక్క మీట నొక్కితేనే తిండి పడే పెట్టె. గిన్నె ఎదురుగా ఉన్నా ఎలుకలు మీట నొక్కి మరీ తిన్నాయి. ఆ తర్వాత పావురాలూ, కోళ్ళూ, కోతులూ అలాగే చేశాయి. రేపు గిన్నె ఖాళీ అయితే తిండి ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోవడానికట. వెతుక్కోవడంలో సరదా కూడా ఉందంటారు. పిల్లి మాత్రం ఎక్కువగా ఊరికే దొరికిందే తింటుంది. 2021లో కాలిఫోర్నియాలో పరీక్షించి చూశారు!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాక "మీరు కూర్చోండి" అని వంటింటి పనులన్నీ నేనే లాక్కున్నాను. వేళకి కంచం చేతికిచ్చేదాన్ని. నాలుగు నెలల్లో ఆవిడ తిండి సగమైంది. "రుచి లేదమ్మా" అనేవారు. డాక్టరుకి చూపిస్తే ఏ జబ్బూ లేదన్నారు.

ఓరోజు గోంగూర కట్టలు ఆవిడ ముందు పడేసి, ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళాను. వచ్చేసరికి ఆకంతా గిల్లేసి, "ఇవాళ నేను చెప్పినట్టు చెయ్యి" అన్నారు. ఆ పూట అడిగి మారు వడ్డించుకున్నారు. సుఖపెడుతున్నాననుకుని ఆవిడ చేతుల్లోంచి ఏం లాక్కున్నానో అప్పుడు తెలిసింది.

పెద్దవాళ్ళకి చింతపండు పిక్కలు తీయడం, బియ్యం ఏరడం లాంటివి ఇవ్వండి. కూర్చునే చేసుకోవచ్చు. అన్నం తిననని మారాం చేసే పిల్లల చేత బఠాణీలు ఒలిపించండి. కోళ్ళకి నూకలు గడ్డిలో చల్లండి.

ఒక్క జాగ్రత్త. బాగా ఆకలి మీదుంటే జంతువులు కూడా ఎదురుగా ఉన్న గిన్నెలోదే తింటాయి. కాబట్టి "పని చేస్తేనే అన్నం" అని ఎవరినీ అనకండి. కంచం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఏ పని ఇష్టమో వాళ్ళనే అడగండి. ఉన్నట్టుండి తిండి తగ్గితే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి.