బూడిద మనకు, భాగ్యము పరులకునా?

భూపాలపల్లి బొగ్గు కాలి, విద్యుచ్ఛక్తియై దూరపట్టణములకు పోవుచున్నది. మహబూబాబాదు గ్రానైటు లారీల కెక్కి పరదేశములకు తరలుచున్నది. మనకు మిగులు నదేమి? ఒకచోట బూడిద, వేఱొకచోట రాతిపొడి. మన యిండ్లలో పఱచుకొను టైల్సో, గుజరాతులోని మోర్బినుండి వచ్చుచున్నవి. ఈ బేరములో నష్టపడిన వారెవరో పాఠకులే నిర్ణయింతురు గాక!

చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము 1100 మెగావాట్ల శక్తి గలది. మన దేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 40 పాళ్లు బూడిదయే. అందు హెచ్చుభాగము సిలికా, అల్యూమినాలు. గ్రానైటు కోతలో రాలు పొడియందు క్వార్ట్జును ఫెల్స్పారును గలవు. బంకమన్ను, క్వార్ట్జు, ఫెల్స్పారు—టైలునకు ముఖ్యముగా వలసినవి యివియే గదా! ఫెల్స్పారు కొలిమి వేడికి కరగి తక్కిన కణములను బంధించును. కావున మనము పాఱవేయుచున్నది చెత్త కాదు, ముడిసరకు.

బూడిదలో విషలోహములు లేశముగా నున్నవని కొందఱి భయము. నిజమే. కాని యా బూడిద గాలికెగిరి పొలములపై పడుటకంటె, ఇంచుమించు 1200 డిగ్రీల వేడిలో గాజువలె బిగిసికొనుట మేలు కాదా? ప్రతి మిశ్రమమును పరీక్షించియే వాడవలెను. రాతిపొడిలోని యినుమువలన రంగు నల్లబడు నందురు; పైపూత దానిని కప్పును. ఇటుకలు చాలవా యని మఱికొందఱు. ఇటుక చౌక సరకు. టైలు విలువగల సరకు. కొలిమికి గ్యాసు కావలెననుట మాత్రము న్యాయమైన యాక్షేపణ. బొగ్గు గ్యాసుయంత్రముల కాలుష్యమువలన మోర్బిలో 2019లో వానిని నిషేధింపవలసి వచ్చెను. ఆ తప్పు మనము చేయరాదు. శుభ్రమైన యింధనమును సమకూర్చుట ప్రభుత్వ ధర్మము.

చట్టము మన పక్షముననే యున్నది. 2021 డిసెంబరు 31వ తేది కేంద్రప్రభుత్వపు టుత్తర్వు బూడిద నంతయు వినియోగింపవలెనని శాసించి, ఆ వినియోగములలో టైల్సును పేర్కొని, వినియోగింపని టన్నుకు 1000 రూపాయల పరిహారము విధించినది. 2015లో ఖనిజచట్టమునకు జరిగిన సవరణచే జిల్లా ఖనిజ నిధు లేర్పడినవి. గనులవలన బాధపడు ప్రజల మేలునకే యా నిధి. దుమ్ము పీల్చువారి బిడ్డలకు కొలిమిపని నేర్పుటకంటె నద్దానికి తగిన వ్యయ మేది?

మేము కోరునది భిక్ష కాదు. భూపాలపల్లి బూడిదను, మహబూబాబాదు రాతిపొడిని, హైదరాబాదు రైలుమార్గమున నున్న జనగామలో నొక పరీక్షాకొలిమిలో కాల్చి చూడుడని మాత్రమే. 1213 నాటి రామప్పగుడి విమానమునకు నీట తేలు నిటుకలను కాల్చిన గడ్డ యిది! ఈ గడ్డకు నేర్పు లేదనువా రెవరు?

అడుగనిదే అమ్మయైనను పెట్టదు. పఠనమందిరములలో చర్చింపుడు. తీర్మానములు చేసి కలెక్టర్లకు పంపుడు. మన బూడిదనుండి మన కూడు మనమే తీసికొందము.