మొత్తం గీకించొద్దు
కోనసీమలో పలివెల, కొత్తపేట వైపు పాత మండువా లోగిలికి మరమ్మతు మొదలైతే ముందు బలయ్యేవి టేకు తలుపులూ స్తంభాలే. మండువాలో పడే వాన తుంపర, గోడల చెమ్మ కలిసి ఏళ్లనాటి వార్నిష్‌ను పెచ్చులు లేపుతాయి. అది చూడగానే ‘అంతా గీకించి ఎనామిల్ కొట్టించండి’ అనే సలహా వస్తుంది. దయచేసి ఆ మాట వినకండి. రంగు కింద పడ్డ టేకు గీత మళ్లీ కంటికి కనిపించదు. ముందు ఆ పూత ఏమిటో తేల్చుకోండి. తలుపు వెనక కనపడని మూల స్పిరిట్ తడిపిన గుడ్డ కాసేపు ఆనించండి. మెత్తబడి జిగురుగా అంటితే లక్క పాలిష్, కదలకపోతే చాలావరకు నూనె వార్నిష్. లక్క మీది తెల్లమచ్చ ఎక్కువసార్లు పూతలో చిక్కిన చెమ్మే. స్పిరిట్ గుడ్డ తేలిగ్గా, ఎక్కడా ఆపకుండా తుడిస్తే పోతుంది. నల్లమచ్చ సంగతి వేరు, నీరు చెక్కలోకి దిగిందన్నమాట. అక్కడ, అక్కడ మాత్రమే, పూత తీయాలి. వార్నిష్ లేచినచోట అంచు వేలికి తగలనంత వరకు 220 నంబరు గరుకు కాగితంతో చెక్క గీత వెంబడే రుద్ది, మొదటి పూత టర్పెంటైన్ కలిపి పల్చగా, ఆపైవి చిక్కగా, ఒక్కోటీ పూర్తిగా ఆరాకే వేయాలి. కోనసీమలో ఈ పనికి మాఘ ఫాల్గుణాలు అనువైన రోజులు. శ్రావణం ముసురులో మాత్రం బ్రష్షు పట్టనివ్వకండి.