పాతదానిని తీసివేయుటయే ప్రగతియా?

ఒక పాఠశాలలో కొన్ని యేండ్ల క్రిందట జరిగిన సంగతి యిది. అచ్చటి పిల్లలు పైథాను రెండవ వెర్షనులో ప్రోగ్రాములు వ్రాసి కంప్యూటరులో దాచుకొనిరి. క్రొత్తది వచ్చినది గదా యని ఎవరో పాతదానిని తొలగించి మూడవ వెర్షనును ఇన్‌స్టాలు చేసిరి. మరునాడు ప్రోగ్రాములు నడువలేదు. పిల్లలు తప్పు తమదే యనుకొని చిన్నబోయిరి. తప్పు వారిది కాదని మేము నొక్కి చెప్పుచున్నాము.

మూడవ వెర్షను 2008 డిసెంబరులో వెలువడినది. 'ప్రింట్' అను ఆజ్ఞకు పాతదానిలో బ్రాకెట్లు అక్కరలేదు. క్రొత్తదానిలో అవి తప్పనిసరి. అవి లేనిచో ప్రోగ్రాము ఆగిపోవును గనుక లోపము వెంటనే తెలియును. అంతకంటె అపాయకరమైనది భాగహారము. 7ను 2చే భాగింపుమన్నచో పాతది 3 అనియు, క్రొత్తది 3.5 అనియు చెప్పును. ప్రోగ్రాము ఆగదు, లెక్క మాత్రము మారిపోవును.

అట్లని పాతదానినే పట్టుకొని వ్రేలాడవలెనని మా భావము కాదు. 2020 జనవరి 1 నుండి రెండవ వెర్షనుకు దిద్దుబాట్లు నిలిచిపోయినవి. కావున క్రొత్త పని క్రొత్తదానిలోనే ఆరంభింపవలెను. పాత ప్రోగ్రాములను తిరిగి వ్రాసికొనువరకు మాత్రము రెండును ఒకే యంత్రమున ఉండవచ్చును. 'పైఎన్వ్' వంటి సాధనముతో పలు వెర్షనులను వేరువేరుగా నిలుపుకొనవచ్చును. ఏ ఫోల్డరునకు ఏ వెర్షను కావలయునో అందొక చిన్న ఫైలులో వ్రాసియుంచినచో, ఆ ఫోల్డరులో ప్రవేశింపగనే ఆ వెర్షనే పని చేయును. లినక్సు యంత్రములందు మరియొక జాగ్రత్త వలయును. యంత్రముతో వచ్చిన పైథానుపై దాని సొంత పనులే కొన్ని ఆధారపడియుండును. దానిని తీసివేసినచో యంత్రమే చెడును.

మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది యీ ప్రాంతమునకు వచ్చినవారము. ఏటపల్లి, సిరొంచ ప్రాంతముల పిల్లలు ఇంట తెలుగును, చెలికాండ్రతో మాడియాను, కచేరీలో మరాఠీని మాటాడుట చూచి మొదట ఆశ్చర్యపడితిమి. ఎవరితో ఏది మాటాడవలెనో వారికెవ్వరును నేర్పలేదు. ఒకటి నేర్చుటకు మరియొకటి మరువలేదు. అట్టి పిల్లలకు వెర్షను మార్చుట ఎంతటి పని? పై చదువుల కొరకు ఇంటి భాషను విడువుమని తల్లిదండ్రులకు హితము చెప్పువారును కలరు. వారును ఆ పాఠశాలలో పాత వెర్షనును తొలగించినవారి వంటివారే.

విద్యార్థులారా! మీ ప్రతి ప్రోగ్రాము మొదటి పంక్తిలో, సంఖ్యాచిహ్నము తరువాత, అది యే వెర్షనులో వ్రాసినదో గుర్తు పెట్టుడు. తల్లిదండ్రులారా! ప్రోగ్రాము నడువలేదని పిల్లవానిని మందలించుటకు ముందు, యంత్రములో ఏ వెర్షను ఉన్నదో అడుగుడు. క్రొత్తదానికి చోటిత్తము, పాతదానిని దాని పని ముగియకముందే వెళ్లగొట్టకుందము.