తోడుచదువుగా మనస్తత్వశాస్త్రము

ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట కామారెడ్డిలోను, ఎల్లారెడ్డిలోను పెక్కు ఇండ్లలో ఒకటే చర్చ: డిగ్రీలో ఏ విషయములు తీసికొనవలెను? 2016 నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను అంతర్జాల పద్ధతిని జరుగుచున్నవి. కళాశాలను, విషయముల కూర్పును విద్యార్థియే ఎన్నుకొనవలెను. చరిత్రకో, అర్థశాస్త్రమునకో తోడుగా మనస్తత్వశాస్త్రమును పిల్లవాడు కోరినచో, "దానితో ఏ ఉద్యోగము వచ్చును?" అని పెద్దలు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానమును దాపరికము లేక చెప్పవలెను.

మొదటిమాట: ఈ శాస్త్రము ఎదుటివాని మనసులోని మాటను చెప్పు సోదె కాదు. 1879లో లైప్‌జిగ్ నగరమున వుంట్ ప్రయోగశాలను నెలకొల్పిన నాటినుండి ఇది కొలతకు, పరీక్షకు నిలుచు శాస్త్రముగా పెరిగినది. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయము 1916లోనే దీనికొక ప్రత్యేక శాఖను ఏర్పరచినది. ఇందు గణాంకములును నేర్వవలసియుండును. కనుక తేలిక చదువని తలచి చేరువాడు మోసపోవును.

రెండవమాట ప్రయోజనమును గూర్చినది. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసము, బోధనలకే కేటాయింపబడినవి. కాని మార్కులకు మించిన లాభము వేరొకటి గలదు. ఈ ప్రాంతమున తండ్రి గల్ఫ్ దేశమునకు పోగా, తల్లి బీడీలు చుట్టుచు సంసారమును ఈడ్చు ఇండ్లు ఎన్నో. అట్టి ఇంటి బాలుడు తరగతిలో ఉన్నట్టుండి మూగవోయినచో, ఈ శాస్త్రమును శ్రద్ధగా చదివిన పంతులు బెత్తము నెత్తుటకు ముందు కారణమును వెదకును. బాకీ తీర్చలేక బ్యాంకు గడప తొక్కుటకు జంకు రైతులో సోమరితనమును గాక సిగ్గును గుర్తించు గుమాస్తాయు అట్టివాడే.

మూడవమాట హద్దును గూర్చినది. తోడుచదువుగా నాలుగు పాఠములు చదివినంతమాత్రమున ఎవరును చికిత్సకులు కాజాలరు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు ఉన్నత శిక్షణయు, 1992 నాటి చట్టము క్రింద ఏర్పడిన పునరావాస మండలిలో నమోదును కావలెను. 2015-16 జాతీయ సర్వేలో వయోజనులలో 10.6 శాతము మంది మానసిక రుగ్మతలతో బాధపడుచున్నట్లు తేలినది. వారిలో అధికులకు చికిత్స అందుటలేదు. ఇట్టిచోట అరకొర జ్ఞానముతో వైద్యము చేయబూనుట అపాయము. బాధను గుర్తించి వైద్యునికడకు పంపుట, 2022లో ఆరంభమైన టెలీ మానస్ సంఖ్య 14416ను చెప్పుట మాత్రము గొప్ప ఉపకారము.

అయినను చిన్న ఊళ్లలో చిక్కు బోధకునితోనే. కామారెడ్డికి రైలైనను గలదు. ఎల్లారెడ్డికి రోడ్డే దిక్కు. ఆడపిల్లను హైదరాబాదుకు పంపుటకు ఎన్ని కుటుంబములు సాహసించును? విశ్వవిద్యాలయము సమ్మతించినచో 'స్వయం' అంతర్జాల పాఠములను డిగ్రీలో కలుపుకొనవచ్చునని 2021 నాటి యు.జి.సి. నిబంధనలు చెప్పుచున్నవి. అంతకంటె మేలైనది, అర్హుడైన అధ్యాపకుడొకనిని నియమించి, అతడు వారములో కొన్ని దినములు కామారెడ్డిలోను, కొన్ని దినములు ఎల్లారెడ్డిలోను బోధించునట్లు చేయుట. బోధకుడు లేని విషయమును పట్టికలో చూపుట విద్యార్థిని వంచించుటయే.

కనుక విద్యార్థి ముందుగా కళాశాలకు పోయి, ఈ పాఠము చెప్పువారెవరో విచారింపవలెను. చెప్పువారున్నచో సందేహింపక చేరవచ్చును. ప్రధాన విషయము బ్రతుకుతెరువు చూపును. ఈ తోడుచదువు ఆ తెరువున ఎదురగు మనుష్యులను అర్థము చేసికొనుట నేర్పును.