తీరిక వేళ: రాగితీగతో రొయ్య

వైండింగ్ షాపులో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన మన సహోద్యోగి ఒకరు ఇటీవల మా చేతిలో ఒక అగ్గిపెట్టె పెట్టి, "తెరిచి చూడండి, కుట్టదు" అన్నారు. లోపల దూది మీద గోధుమరంగు పురుగొకటి ఒదిగి ఉన్నది. మూడు సన్నని తోకలు, నడుము వద్ద లేత ఎరుపు మెరుపు, భుజాల మీద చిన్న మూపు. తిప్పి చూస్తే గాని పొట్టకింద గాలపు ముల్లు కనిపించలేదు. ఆ ఎరుపు మెరుపు ఏమిటో మాత్రం మనవారిలో చాలామంది చూపుతోనే పోల్చగలరు. మోటారు చుట్టలకు వాడే సన్నని రాగితీగ!

ఈ విద్యను ఆంగ్లంలో ఫ్లై కట్టడం అంటారు. ఫ్లై అనగానే ఇంట్లో ముసిరే ఈగ అనుకోరాదు. నీటిలో బ్రతికే పురుగులను, చిన్న రొయ్యలను పోలునట్లుగా ఈకలతోను, ఉన్నితోను, దారంతోను ముల్లు మీద కట్టిన బొమ్మ ఎర ఇది. మన పల్లెల్లో గాలం వేసేవారు వానపామునో, పిండిముద్దనో గుచ్చుతారు. చేప రుచి చూసి మ్రింగుతుంది. బొమ్మ ఎరకు రుచి లేదు, వాసన లేదు. చూపు ఒక్కటే దానికి ఆధారం. క్రీ.శ. 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమను రచయిత, మాసిడోనియా ప్రజలు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని వ్రాశాడు. అంటే ఈ మోసానికి సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ చరిత్ర ఉన్నదన్నమాట.

అయితే మేము ఈ సంచికలో చెప్పదలచినది ఆ ప్రాచీన చరిత్ర కాదు. ఒక బొమ్మ అసలును ఎంతవరకు పోలి ఉండాలి అన్న ప్రశ్న మీద ఇంగ్లండులో పెద్దమనుషుల నడుమ అర్ధశతాబ్దం పాటు సాగిన వాదం, ఆ వాదంలో ఒక పక్షం మన మిత్రునికి ఎట్లా అక్కరకు వచ్చిందన్నది.

దక్షిణ ఇంగ్లండులో సుద్దరాతి నేలల నుంచి ఊరే ఇచెన్, టెస్ట్, ఏవన్ వంటి చిన్న నదులు ఉన్నాయి. నీరు అద్దంలా ఉంటుంది. అందులోని ట్రౌట్ చేప మనిషి నీడ పడినా పారిపోతుంది. ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే ఆయన 1886లో వెలువరించిన గ్రంథంలో, నీటిమీద తేలే రెక్కల పురుగులను రంగు, ఆకృతి, పరిమాణం అన్నీ సరిపోయేలా అనుకరించే పద్ధతిని వివరించాడు. ఆయన శిష్యవర్గం దీనిని దాదాపు ఒక ఆచారంగా మార్చివేసింది. నీటి పైకి వచ్చి మేసే చేపకే గాలం వేయాలి, తేలే ఎరనే వాడాలి. నీటి అడుగున మేసే చేప జోలికి పోవడం మర్యాద కాదు!

దీనిని ప్రశ్నించినవాడు జి. ఇ. ఎం. స్క్యూస్ అనే లండన్ న్యాయవాది. ఆయన పద్ధతి మాకు ఎంతో నచ్చింది. ఎముకలోని మూలుగను తీసే సన్నని చెంచాతో, పట్టిన చేప కడుపులోనిది తీసి, నీళ్ళు పోసిన తెల్లని పళ్ళెంలో కలిపి చూచేవాడు. చేప ఏమి తినాలో గ్రంథం చెప్పేది ఒకటి, ఏమి తిన్నదో పళ్ళెం చెప్పేది మరొకటి. రెక్కలు రాని పిల్ల దశలోని పురుగులే అందులో అధికంగా కనిపించేవి. ఆ దశనే నింఫ్ అంటారు. 1910లో వచ్చిన తన మొదటి పుస్తకంతోనే ఆయన నీటి అడుగు వేటకు వాదించడం మొదలుపెట్టాడు. 1883 నుంచి తాను గాలం వేస్తూ వచ్చిన ఇచెన్ నది ఒడ్డున, తోటివారికి ఈ నింఫ్ పద్ధతి గిట్టక, 1938లో ఆ చోటును విడిచిపెట్టాడు. అప్పటికి ఆయనకు ఎనభయ్యో ఏడు. తన మాట వదులుకోలేదు, నది వదులుకున్నాడు.

స్క్యూస్ వృద్ధాప్యంలో వ్రాయమని ప్రోత్సహించిన వారిలో ఫ్రాంక్ సాయర్ ఒకడు. ఇతడు న్యాయవాదీ కాదు, ధనవంతుడూ కాదు. సైనికాధికారుల చేపల వేట సంఘం వారి కోసం 1928 నుంచి ఏవన్ నదిని కాపు కాసిన ఉద్యోగి. నాచు కోయడం, బురద తీయడం, గట్లు సరిచేయడం ఇతని దినచర్య. (ఆ సంఘం పేరులోనే తేలే ఎర అన్న మాట తరువాత చేరింది. దాని కాపరి మాత్రం మునిగే ఎరతో లోకప్రసిద్ధి పొందాడు!) రోజంతా నీళ్ళలో నిలబడేవాడికి పురుగు నడక తెలుస్తుంది. నింఫ్ ఈదేటప్పుడు కాళ్ళను ఒంటికి అదిమి పెట్టుకుంటుందని అతడు గమనించాడు. అట్లాగైతే బొమ్మకు కాళ్ళెందుకు? తీసివేశాడు. ఎర త్వరగా మునగాలంటే బరువు కావాలి. దారం వదిలి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలోను మోటార్లలోను చుట్టే సన్నని రాగితీగను పట్టుకున్నాడు. అదే బరువు, అదే రంగు, అదే కట్టు.

సాయర్ చేసిన వాటిలో రెండు నేటికీ నిలిచి ఉన్నాయి. మొదటిది ఫెజెంట్ పక్షి తోక ఈకతో కట్టే నింఫ్. దీనికి ముల్లు, తీగ, నాలుగు ఈక పోగులు మాత్రమే కావాలి. ముందుగా ముల్లు మీద తీగను వరుసగా చుట్టి, ముందరి భాగంలో మరికొన్ని చుట్లతో మూపు లేపాలి. పోగుల కొనలు తోకగా మిగిలేటట్లు వెనుక బిగించి, మిగిలిన పోగులను తీగతోపాటు మెలివేసి ముందుకు చుట్టుకుపోవాలి. ఆ పైన తీగను విడదీసి, పోగులను మూపు మీదుగా వెనుకకు ముందుకు మడిచి ముడివేస్తే పని పూర్తి. ముల్లు నంబరు పెరిగినకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. తీగ గేజి నంబరూ అంతే కాబట్టి మన వైండింగ్ షాపు వారికి ఈ లెక్క వేరుగా నేర్పనక్కరలేదు.

రెండవది రొయ్య. సుద్దనేల నదుల్లో గామరస్ అనే చిన్న జీవి ఉంటుంది. అక్కడివారు మంచినీటి రొయ్య అంటారు గాని, మన చెరువుల రొయ్యకు అది దూరపు చుట్టమే. సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల పొడవు, బూడిద కలిసిన పచ్చ రంగు. ఒరిగి ప్రక్కవాటుగా ఈదుతుంది. పట్టి అరచేతిలో వేస్తే విల్లులా ముడుచుకుంటుంది, నీటిలో ఈదేటప్పుడు నిటారుగా సాగుతుంది. అందుకనే అరచేతిలో చూసి వంకర ముల్లు మీద రొయ్యను కట్టేవారు ముడుచుకున్న రొయ్యనే అనుకరిస్తున్నారని మా అభిప్రాయం. సాయర్ వంకర జోలికి పోలేదు. రాగితీగ మీద ఉన్నిని రెండు మూడు వరుసలు చుట్టి వదిలాడు. కన్ను లేదు, మీసం లేదు, కాలు లేదు. చూస్తే రొయ్య అనిపించదు. తడిపితే అనిపిస్తుంది! చాడ్విక్ కంపెనీ వారి 477 నంబరు రఫ్ఫు ఉన్ని తడిసినప్పుడు రొయ్యకుండే లేత గులాబీ చాయకు తిరిగేది. గుడ్డ చిరుగులు రఫ్ఫు చేసుకునే ఆ ఉన్ని తయారీ ఏనాడో ఆగిపోయింది. ఇప్పుడు ఒక్కొక్క అట్ట కోసం గాలపురాయుళ్ళు వేలంపాట పాడుతున్నారు.

గులాబీ అంటే గుర్తుకు వచ్చింది. కొందరు రొయ్య నడుమున ఒక నారింజ చుక్క పెట్టి కడతారు. అలంకారం కోసమని మేము అనుకున్నాము, కాదట. చేప కడుపులో పెరగవలసిన పరాన్నజీవి పురుగొకటి ముందుగా గామరస్ దేహంలో చేరి నారింజ చుక్కలా బయటికి కనిపిస్తుంది. అది సోకిన రొయ్య, సహజంగా చీకటిలో దాగవలసినది కాస్తా, వెలుతురు వైపు ఈది చేపకు ఆహారమవుతుంది. తన మజిలీ చేరడానికి ఆ పురుగు రొయ్య బుద్ధినే మార్చివేస్తున్నదన్నమాట. ఆ చుక్కను మనిషి కాపీ కొట్టాడు.

ఇక మన మిత్రుని సంగతి. పదవీ విరమణ తరువాత ఆయన చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పేపరు చదువుతూ కూడా పెన్సిలుకు దారం చుట్టేవారని వారి శ్రీమతి నవ్వుతూ చెప్పారు. కుమార్తె కులూ లోయలోని ఒక జల విద్యుత్ ప్రాజెక్టులో ఇంజనీరు. తండ్రి అక్కడికి వెళ్ళినప్పుడు ఆమె ఒక చిన్న వైస్, ఒక పుస్తకం కొని ఇచ్చింది. బియాస్ నదిలో ట్రౌట్ చేపను 1909 ప్రాంతంలో ఆంగ్లేయులు తెచ్చి వదిలారు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే కాశ్మీరులో ఆ పని జరిగింది.

పుస్తకంలోని బొమ్మలు చూసి ఆయన కట్టిన మొదటి రొయ్యలు మేము చూశాము. కన్నులు, మీసాలు, పద్నాలుగు కాళ్ళు. మ్యూజియంలో పెట్టదగినవి! వాటితో బియాస్ ఒడ్డున ఐదు రోజులు నిలబడ్డారు. ఒక్క చేప కూడా తిరిగి చూడలేదు. ఆరవ రోజున కుమార్తె, "నాన్నా, అసలు ఇక్కడ ఏ పురుగు ఉందో చూద్దాం" అని మోకాటి లోతు నీళ్ళలో దిగి ఒక రాయి తిరగవేసింది. రాయి అడుగున బల్లపరుపుగా అంటిపెట్టుకున్న మేఫ్లై నింఫులు, ఇసుక రేణువులను అతికించి గొట్టం కట్టుకున్న కాడిస్ పిల్లలు కనిపించాయి. రొయ్య ఒక్కటీ లేదు. ఇంగ్లండు నది పుస్తకాన్ని ఆయన హిమాచల్ నదిలో వెదికారు.

అంతలో మరొక చిక్కు వచ్చింది. ఆయన ఎడమచేతికి వణుకు మొదలైంది. వైద్యులిచ్చిన మందులతో తగ్గిందే గాని పోలేదు. కాళ్ళు కట్టే సన్నని పట్టుదారం బిగువు మారినప్పుడల్లా తెగుతున్నది. ఒక రొయ్యకు గంట పట్టేది, సగంలో దారం తెగితే మొత్తం ఊడిపోయేది. "వైస్ అటక మీద పెట్టేశాను" అని ఆయన మాతో అన్నప్పుడు ఆ మాట తేలికగా అనలేదు. వేళ్ళతో ముప్పైనాలుగేళ్ళు బ్రతికిన మనిషి ఆయన.

సాయర్ పద్ధతిని ఆ తరువాతనే చదివారు. రాగితీగకు వంగిన చోట నిలిచే గుణం ఉన్నది. చేయి వణికి బిగువు సడలినా చుట్టు ఊడదు. ఇది ఆయనకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు, అయినా తట్టలేదట. ఫెజెంట్ ఈక మన దగ్గర దొరకదు, అడవి పక్షుల జోలికి పోవడం చట్టవిరుద్ధం. కాలనీలో ఒకరు పెంచే సీమకోళ్ళు రాల్చిన గోధుమరంగు ఈకలు ఏరుకున్నారు. ఆ పోగులు సరిగ్గా సరిపోయాయి. ఒక్కొక్క నింఫుకు ఇప్పుడు పది నిమిషాలు.

సాయర్ ఇరుగుపొరుగువాడైన మేజర్ ఆలివర్ కైట్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1968లో గాలం వేస్తూనే కన్నుమూసిన ఈయన, ఈక కూడా లేకుండా, ముల్లు మీద వట్టి రాగితీగను మూపుగా చుట్టి చేపలు పట్టి చూపాడు. ఎర చేప ముందుకు చేరే క్షణంలో గడ కొనను మెల్లగా ఎత్తితే, పైకి ఈదుతున్న పురుగులా అది లేస్తుంది. చేప చూచేది ఆ కదలికనే. హాల్ఫర్డ్ శిష్యులు వింటే ఏమనేవారో!

వేట సంగతి వ్రాస్తున్నామని తెలిసి మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది: తినడానికి కాకపోతే ఒక ప్రాణిని మోసగించి నొప్పించడమెందుకు? ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు. మన మిత్రుడు ముల్లు కొనన ఉండే ఎదురుకొక్కెమును పట్టకారుతో నొక్కివేస్తారు, చేతులు తడుపుకొని గాని చేపను తాకరు, నీటిలోనే విడిచిపెడతారు. అయినా చేపకు బాధ లేదని మేము అనలేము, ఆయన కూడా అనరు. ఆయనకు ఇష్టమైనది కట్టడమే. గాలం వేసింది ఈ రెండేళ్ళలో పదకొండు రోజులు, కట్టినవి మూడు వందల పైచిలుకు.

గత అక్టోబరులో, వేట కాలం ముగియడానికి వారం ముందు, ఆ సీమకోడి ఈక నింఫును ఒక చేప అందుకున్నది. జానెడు ట్రౌట్, ఒంటి నిండా ఎర్రచుక్కలు. కుమార్తె ఫోటో తీసేలోగా జారిపోయింది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హిమాచల్‌లో ట్రౌట్ వేట నిషిద్ధం. మార్చిలో మళ్ళీ వెళ్ళేందుకు ఆయన రైలు టిక్కెట్టు కొనుక్కున్నారు. ఈలోగా వైండింగ్ షాపులో చెత్తకు పోయే తీగముక్కలు అనుమతితో ఇప్పించగలరా అని మాకు ఒక చీటీ పంపారు. గేజి నంబరు స్పష్టంగా వ్రాశారు. అక్షరాలు కాస్త వంకరపోయాయి.