కొట్టే భర్తతో మాట్లాడటమూ ఓ నైపుణ్యమే!

గృహహింస కేసుల్లో కౌన్సెలింగ్ అనగానే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పడం అనుకుంటాం. చట్టం కోరేది మాత్రం అది కాదు. సైకాలజీ, సోషల్ వర్క్ చదువుతున్నవారు ఈ తేడాను ఉద్యోగంలో చేరాక కాదు, చేరకముందే తెలుసుకోవాలి.

ఎంఎస్‌డబ్ల్యూ పూర్తయింది. ఓ కౌన్సెలింగ్ కేంద్రంలో చేరారు. మొదటి నెల అనుకోండి. మీ ఎదురుగా ముప్పై ఏళ్ల వ్యక్తి కూర్చున్నాడు. భార్యను కొట్టాడని ఫిర్యాదు. చూస్తే మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. ‘నేను అలాంటివాణ్ని కాదు మేడమ్. ఆ రోజు డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చా. అన్నం పెట్టమంటే ఎదురు మాట్లాడింది. కోపంలో ఒక్క దెబ్బ... అంతేనండీ’ అన్నాడు.

ఇప్పుడు మీరేమంటారు?

‘కోపం తగ్గించుకోండి. ఆమె కూడా కాస్త సర్దుకుపోవాలి’ అని చాలామంది అనేస్తారు. వినడానికి మంచి మాటే. కానీ అతడికి అర్థమయ్యేది ‘తప్పులో సగం ఆమెదే’ అని. ఆమెకు అర్థమయ్యేది ‘ఇక్కడ కూడా నా మాట వినేవాళ్లు లేరు’ అని. సాయంత్రానికి ఇద్దరూ వెళ్లేది అదే ఇంటికి. మీ ఒక్క వాక్యం ఫలితం ఆ ఇంట్లో తేలుతుంది. అందుకే ఈ పనికి మంచి మనసు ఒక్కటే చాలదు, ప్రత్యేక శిక్షణ కావాలి.

చట్టం ఏం చెబుతోంది?

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇందులోని 14వ సెక్షన్ ప్రకారం కేసు ఏ దశలో ఉన్నా, భార్యాభర్తల్లో ఒకరిని గానీ ఇద్దరినీ గానీ కౌన్సెలింగ్‌కు వెళ్లమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. అలా ఆదేశిస్తే తర్వాతి వాయిదా రెండు నెలల్లోపు ఉండాలి.

ఈ చట్టం కింద భర్త ‘దోషి’ కాదు, ‘ప్రతివాది’. దీని మొదటి ఉద్దేశం శిక్ష వేయడం కాదు, హింసను ఆపి ఆమెకు రక్షణ ఇవ్వడం. శిక్ష సంగతి చూసేది భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షన్. పాత 498ఏ స్థానంలో వచ్చిన ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. కాబట్టి కౌన్సెలర్ జడ్జి కాదు, పోలీసు కాదు. అలాగని రాజీ కుదిర్చే పెద్దమనిషి కూడా కాదు.

2006 నాటి నిబంధనల్లో ఒక ముఖ్యమైన మాట ఉంది. కౌన్సెలింగ్ లక్ష్యం హింస మళ్లీ జరగదన్న హామీ పొందడమే. ‘ఆమె అలా అంది కాబట్టే కొట్టాను’ లాంటి సమర్థనలకు ఇందులో చోటు లేదు. ఆ సంగతిని ప్రతివాదికి ముందే చెప్పాలి కూడా. పైన చూసిన వ్యక్తి చెప్పిందంతా అలాంటి సమర్థనే కదా? దాన్ని ఆపడం ఎలాగో తెలియని కౌన్సెలర్ చేతిలో ఈ నిబంధన కాగితానికే పరిమితమవుతుంది.

గణాంకాలు చెప్పేది

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త హింసను ఎదుర్కొన్నవారు దేశంలో 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. అంతకంటే ఆలోచింపజేసే లెక్క మరొకటి ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైనే.

అంటే కౌన్సెలర్ కూడా ఇదే సమాజం నుంచి వస్తారు. ‘ఒక్క దెబ్బే కదా’, ‘సంసారం అన్నాక తప్పదు’ లాంటి మాటలు వింటూనే పెరిగి ఉంటారు. శిక్షణలో మొదటి పాఠం ఎదుటివాడి నమ్మకాల గురించి కాదు, మన నమ్మకాల గురించే.

మామూలు కౌన్సెలింగ్‌తో తేడా ఎక్కడ?

క్లాసులో నేర్చుకున్న కౌన్సెలింగ్ సూత్రాలు కొన్ని ఇక్కడ యథాతథంగా పనిచేయవు.

మొదటిది తటస్థత. భార్యాభర్తల మధ్య మనస్పర్థలైతే ఇద్దరి వాదననూ సమానంగా వినొచ్చు. ఒకరంటే మరొకరికి భయం ఉన్నచోట తటస్థత బలమున్నవాడికే కలిసొస్తుంది. అతడిని మనిషిగా గౌరవించాలి, చేసిన పనిని మాత్రం ఒప్పుకోకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయడమే అసలు కష్టం.

రెండోది ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం. భర్త పక్కనే ఉంటే ఆమె నిజం చెప్పలేదు. చెప్తే ఇంటికెళ్లాక ఏమవుతుందో ఆమెకే తెలుసు. ముందు ఆమెతో విడిగా మాట్లాడి ప్రమాదం ఏ స్థాయిలో ఉందో అంచనా వేయాలి. చంపుతానని బెదిరించాడా? గొంతు నులిమాడా? ఈమధ్య దెబ్బలు పెరిగాయా? ఈ ప్రశ్నలు అడగకుండా జంట కౌన్సెలింగ్‌కు పిలవడం ప్రమాదకరం.

మూడోది కోపం, మద్యం అనే వివరణలు. కోపమే కారణమైతే ఆఫీసులో బాస్‌ను ఎందుకు కొట్టడు? మద్యం హింసను బాగా పెంచుతుందన్నది నిజమే. తరచూ తాగి వచ్చే భర్తలున్న మహిళల్లో సుమారు 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నట్లు అదే సర్వే చెబుతోంది. కానీ తాగని భర్తలున్న మహిళల్లోనూ అయిదో వంతుకు పైగా అదే చెప్పారు. తాగుడు మాన్పిస్తే సగం పని అయినట్టే కావొచ్చు, మొత్తం మాత్రం కాదు. ‘నా మాటే నెగ్గాలి’ అన్న హక్కు భావనతోనూ పనిచేయాల్సిందే.

ఇతర దేశాల్లో ఎలా నేర్పుతున్నారు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే ఊరుంది. 1980ల మొదట్లో ఎలెన్ పెన్స్, మైకేల్ పేమార్ తదితరులు అక్కడ హింసకు పాల్పడిన పురుషుల కోసం తరగతులు మొదలుపెట్టారు. బాధిత మహిళలు చెప్పిన అనుభవాల నుంచి ‘అధికారం - నియంత్రణ చక్రం’ అనే చిత్రాన్ని 1984లో తయారుచేశారు. కొట్టడమే కాదు, డబ్బు ఇవ్వకపోవడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, పిల్లలను అడ్డుపెట్టుకోవడం అన్నీ ఒకే చక్రంలో ఆకులని అది చూపిస్తుంది.

ఈ పద్ధతిలో ‘ఒక్క దెబ్బ’ అన్న మాటను ముక్కలుగా విప్పుతారు. సరిగ్గా ఏం చేశావు? దానితో ఏం సాధించాలనుకున్నావు? భార్య అంటే ఎలా ఉండాలని నమ్ముతున్నావు? జరిగినదాన్ని ఎలా తక్కువచేసి చెబుతున్నావు? ఆమె మీద, పిల్లల మీద ఎలాంటి ప్రభావం పడింది? అదే సందర్భంలో ఇంకేం చేసి ఉండొచ్చు? ఇవి తిట్లు కావు, ప్రశ్నలు. జవాబుదారీతనం అంటే ఇదే.

కాలిఫోర్నియా చట్టం ఇంకా కచ్చితంగా ఉంటుంది. గృహహింస కేసులో ప్రొబేషన్‌పై బయట ఉన్న వ్యక్తి ఏడాది పాటు, వారానికి రెండు గంటల చొప్పున కార్యక్రమానికి హాజరు కావాలి. అందులో జంట కౌన్సెలింగ్ నిషిద్ధం. దాన్ని నడిపేవారికి ముందుగా 40 గంటల ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. ఆ తర్వాత అనుభవజ్ఞుల పక్కన కూర్చుని 52 వారాలు, లేదా ఆరు నెలల్లో కనీసం 104 గంటలు పనిచేయాలి. పైగా ఏటా 16 గంటల నిరంతర శిక్షణ ఉంటుంది.

నిజంగా మారతారా?

న్యాయమైన సందేహమే. జవాబు కూడా నిజాయతీగానే చెప్పుకోవాలి. అమెరికాలో జరిగిన కొన్ని పెద్ద అధ్యయనాల్లో ఈ కార్యక్రమాల ప్రభావం చాలా తక్కువగా లేదా లేనట్టే తేలింది. 2015లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ‘ప్రాజెక్ట్ మిరాబల్’లో శారీరక, లైంగిక హింస బాగా తగ్గిందని భార్యలు, భాగస్వాములు చెప్పారు. నియంత్రించే ధోరణి మాత్రం అంతగా తగ్గలేదు. అక్కడ మగవాళ్లకు తరగతులు నడుస్తుండగానే వారి భాగస్వాములకు విడిగా సహాయం అందుతుంది.

దీన్నుంచి కాబోయే కౌన్సెలర్ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మార్పు వచ్చిందో లేదో చెప్పాల్సింది అతడి కన్నీళ్లు, క్షమాపణ పత్రం కాదు. ఆమె చెప్పాలి.

మన దగ్గర ఖాళీ ఇక్కడే

కౌన్సెలర్‌ను పంపమని మన చట్టం చెప్పింది. సమర్థనలు వద్దని నిబంధన రాసింది. కానీ హింసకు పాల్పడిన వ్యక్తితో పనిచేసేందుకు ఇన్ని గంటల శిక్షణ, ఇంత పర్యవేక్షణ ఉండాలని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. దాంతో ఎవరికి తెలిసిన పద్ధతిలో వాళ్లు చేసుకుపోతారు. అందరికీ తెలిసిన పద్ధతి రాజీ. కేసు ‘సెటిల్’ అయితే ఫైలు మూతపడుతుంది, లెక్కల్లో విజయంగా నమోదవుతుంది. ఆర్నెల్ల తర్వాత ఆమె ఎలా ఉందో ఆ ఫైలు చెప్పదు.

శిక్షణను తప్పనిసరి చేయాల్సింది ప్రభుత్వాలే. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ముందే నేర్చుకుని వచ్చినవారు పనిలో తేడా చూపించగలరు.

మీరేం చేయొచ్చు?

పునాది చదువు: ఎంఎస్‌డబ్ల్యూ, ఎంఏ/ఎంఎస్సీ సైకాలజీ ప్రధాన దారులు. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాలు, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కళాశాల, టిస్ క్యాంపస్‌ల ప్రవేశ ప్రకటనలు గమనించండి. రెగ్యులర్‌గా చదవలేనివారికి ఇగ్నోలో కౌన్సెలింగ్, ఫ్యామిలీ థెరపీ కోర్సులున్నాయి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే మాత్రం ఆర్‌సీఐ గుర్తింపు తప్పనిసరి.

ఫీల్డ్ వర్క్: రక్షణ అధికారి కార్యాలయం, సఖి/వన్‌స్టాప్ కేంద్రం, కుటుంబ న్యాయస్థానాలను ఎంచుకోండి. పురుషులతో పని ఎలా ఉంటుందో చూడాలంటే 1993 నుంచి ముంబయిలో పనిచేస్తున్న ‘మావా’ లాంటి సంస్థల గురించి చదవండి.

ఉద్యోగాలు: ఉన్నాయి, కానీ ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనే. మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా స్థాయి నోటిఫికేషన్లలో ఇవి కనిపిస్తాయి. పని ఒత్తిడితో పోలిస్తే జీతం తక్కువే అనిపిస్తుంది. ఇది తెలిసే రండి.

ఇంటర్వ్యూలో: ‘రోజుకు ఎన్ని కేసులు? సీనియర్ల పర్యవేక్షణ ఉంటుందా? ఆమెతో విడిగా మాట్లాడే గది ఉందా?’ అని మీరూ అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమే. అయినా జవాబును బట్టి అక్కడ పని ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది.

మళ్లీ మొదటి గదికి వద్దాం. అతడు ‘ఒక్క దెబ్బ... అంతేనండీ’ అన్నాడు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ గొంతు పెంచరు, ఉపన్యాసం ఇవ్వరు. ‘ఆ దెబ్బ ఎక్కడ తగిలింది? అప్పుడు పిల్లలు ఎక్కడున్నారు? ఆ తర్వాత ఆమె మీతో ఎలా మాట్లాడుతోంది?’ అని అడుగుతారు. మూడో ప్రశ్నకు చాలామంది దగ్గర వెంటనే జవాబు ఉండదు. అసలు పని మొదలయ్యేది అక్కడి నుంచే.