మొర వినబడలేదనిపించిన వేళ



ఈ వారం ఆవకాయ జాడీల సంగతి రాద్దామని కూర్చున్నాను. ఇంతలో పోస్టులో ఓ ఉత్తరం వచ్చింది. కోటిపల్లి వైపు పల్లెటూరు నుంచి ఓ చెల్లెలు రాసింది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఆ ఉత్తరం చదివాక జాడీల మాట పక్కన పెట్టేశాను.

ఆవిడ భర్త తాగుడు మానాలని ఏడేళ్లుగా ప్రార్థన చేస్తోందట. శుక్రవారం ఉపవాస కూడిక ఒక్కటి కూడా తప్పలేదట. ప్రతి జనవరి ఒకటిన వాగ్దానం కార్డు తీసుకుని దేవుడి వాక్యం పటం పక్కన గోడకి అంటిస్తుందట. ఏడు కార్డులయ్యాయి, ఆయన మాత్రం మానలేదు. "అక్కా! దేవుడు వింటున్నాడా? వింటే ఎందుకు ఊరుకున్నాడు? నాలోనే ఏదో లోపముందని మావాళ్లంటున్నారు. ఈమధ్య కళ్లు మూసుకుంటే మాట రావడం లేదు. నేను విశ్వాసంలోంచి తప్పిపోయినట్టేనా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

చెల్లెమ్మా, ఈ ప్రశ్న నువ్వొక్కదానివే అడగలేదు. నేనూ అడిగాను. ఎప్పుడడిగానో ముందు చెబుతాను.

మాది ద్రాక్షారామం. తెల్లారకుండానే భీమేశ్వరస్వామి గుడిగంట వినబడుతుంది. కాసేపటికి దర్గా వైపు నుంచి పిలుపు. ఆదివారమైతే మా చర్చి గంట. ఇన్ని ప్రార్థనల మధ్య పెరిగినదాన్ని నేను. నా తమ్ముడికి ఇరవయ్యారో యేట మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు రక్తశుద్ధి కోసం కాకినాడ తీసుకెళ్లేవాళ్లం. తెల్లవారుజామున బస్సు, చీకటిపడ్డాక మళ్లీ బస్సు. చేతిలో అన్నం క్యారేజీ, సంచిలో బైబిలు. ఆ ఏడు శ్రమల దినాలు నలభై రోజులూ మా అమ్మ ఒంటిపూట భోజనమే చేసింది. సంఘమంతా రాత్రి ప్రార్థనలు పెట్టారు. ఈస్టరు నాటికి వాడు లేచి కూర్చుని ఇంత పాయసం తాగాడు. మా మొర విన్నాడనుకున్నాం. ఈస్టరు వెళ్లిన వారానికి వాడు పోయాడు.

మట్టిచేసి వచ్చిన మూడో రోజున చుట్టాల్లో ఒకావిడ వరండాలో కూర్చుని, "ఇంట్లో ఎవరికో విశ్వాసం చాల్లేదమ్మా, లేకపోతే ఇంతమంది అడిగితే ఇవ్వకుండా ఉంటాడా?" అంది. తమ్ముడు పోయిన దుఃఖం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను ప్రార్థన చెయ్యలేదు. చర్చికి వెళ్లాను, పాట పుస్తకం తెరిచాను, అందరితోపాటు లేచి నిలబడ్డాను. లోపల మాత్రం ఒక్క మాట లేదు.

అందుకే మొట్టమొదట ఆ మాట సంగతే తేల్చుకుందాం. "నీ విశ్వాసం చాల్లేదు" అనడం నిజమేనా?

బైబిలు తెరిచి చూడండి. పౌలు అంతటివాడు తన దేహంలో ముల్లులాంటి బాధ తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దాన్ని మొయ్యడానికి బలం మాత్రం వచ్చింది. పౌలుకి విశ్వాసం చాల్లేదందామా? సాక్షాత్తూ యేసుప్రభువే గెత్సేమనే తోటలో ఆ గిన్నె తననుంచి తప్పించమని అడిగాడు. తెల్లారేసరికి సిలువ వచ్చింది. ఆయన ప్రార్థనలో లోపముందందామా? అలా అననప్పుడు, ఏడేళ్లు మోకాళ్లమీదున్న ఇల్లాలిని మాత్రం ఎందుకనాలి? యోబు స్నేహితులు కూడా ఇలాగే, ఏదో పాపం చేసే ఉంటావన్నారు. కథ చివర దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీద, ఏడ్చి నిలదీసిన యోబు మీద కాదు. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇక రెండో సంగతి. దేవుడితో పోట్లాడితే తప్పేమో, నోరు మూసుకుని స్తోత్రం చెప్పడమే భక్తేమో అని మనలో చాలామందికి ఓ భయం. అదేం కాదు. నూటయాభై కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలే. ఎంతకాలమని అడిగినవి ఉన్నాయి, ఎందుకు మొహం తిప్పుకున్నావని నిలేసినవి ఉన్నాయి. హన్నా దేవాలయంలో పెదవులు కదుపుతూ కుమిలిపోతుంటే, యాజకుడు ఏలీ ఆవిణ్ణి తాగి వచ్చిందనుకున్నాడు. పెద్దవాళ్లు కూడా మన ఏడుపుని తప్పుగా అర్థం చేసుకుంటారన్న మాట! కాబట్టి మంచి మాటలు రాకపోతే, ఉన్న మాటే చెప్పండి. "నాకు కోపంగా ఉంది ప్రభువా" అనడం కూడా ప్రార్థనే. మాట్లాడ్డం పూర్తిగా మానేసిన ఇంట్లో కన్నా, పోట్లాడుకునే ఇంట్లోనే ఇంకా బంధం ఉంటుందని మనకి తెలియదూ?

మన తెలుగు నేల మీదే జరిగిన ఓ సంగతి చెబుతాను. అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టింది 1836లో. 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఈ పని మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూవెట్ గారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఓ కొండెక్కారు. చలిలో మోకరించి, ఈ ఊరికి ఓ సేవకుణ్ణి పంపమని అడిగారు. అంతే. కొండ దిగి వచ్చేశారు.

మరుసటేడు ఎవరూ రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. జాన్ క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్లు! మరుసటేడు జనవరి ఒకటిన ఒంగోలు సంఘం ఏర్పడితే సభ్యులు ఎనిమిదిమంది. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని పెద్ద కరువు పట్టి పీడించింది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకి కూలి ఇప్పించారు. కూడు కోసం మతం పుచ్చుకున్నారని ఎవరూ అనకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడికి ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. "చూశారా, ఓపిక పడితే అన్నీ వస్తాయి" అని చెప్పెయ్యొచ్చు. కానీ అలా చెప్పి తప్పించుకోవడం నాకిష్టం లేదు. ఆ కరువులోనే లక్షల మంది పోయారు. వాళ్లలో అన్నం కోసం మొరపెట్టుకున్న తల్లులు ఎందరో! 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమని తుపాను ఊడ్చేసినప్పుడు, వేటకెళ్లిన మగవాళ్ల కోసం తీరం వెంబడి ఆడవాళ్లు తెల్లార్లూ ఎదురుచూశారు. కొందరి మగవాళ్లు తిరిగొచ్చారు, ఎందరో రాలేదు. రానివాళ్ల భార్యలు తక్కువ ప్రార్థన చేశారని నేననలేను. మీరు మాత్రం అనగలరా?

మరి ఆ కొండ కథ ఎందుకు చెప్పానంటే, దానికి మన గోదావరి తీరంలో ఓ కొసరు ఉంది. టామస్ గాబ్రియేలు గారని ఓ తెలుగు విశ్వాసి. టెలిగ్రాఫు శాఖలో మంచి ఉద్యోగం వదులుకుని కాకినాడ ప్రాంతంలో సువార్త పనికి దిగారు. చేతి డబ్బు చాల్లేదు, అప్పులయ్యాయి. ఎవరైనా వచ్చి ఈ పని అందుకోమని ఉత్తరాలు రాశారు. చివరికి 1874లో కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్లారిన్ గారు కాకినాడ వచ్చారు. ఆయన ఎక్కణ్ణుంచి వచ్చారనుకున్నారు? ఒంగోలులో క్లౌ గారి దగ్గర పనిచేసి వచ్చారు! ఆ రోజు కొండమీద ఐదుగురు ఒక్క ఊరి కోసం అడిగింది, ఇరవయ్యేళ్లకి వాళ్లు అడగని కాకినాడకి కూడా చేరింది. మా తాలూకాలో మిషను బళ్లూ ఆస్పత్రులూ వచ్చింది ఆ కెనడా వాళ్లవల్లే.

గాబ్రియేలు గారు మాత్రం 1875 మొదట్లోనే కన్నుమూశారు. నాటింది చూశారు గాని, పండింది చూడలేదు. ఆయన ప్రార్థన ఫలించిందా, లేదా? ఆయన జీవితం వరకే లెక్కేస్తే లేదనే అనాలి. అందుకే నాకనిపిస్తుంది, మన ప్రార్థనకి ఆదాయం ఖర్చుల పుస్తకం మనం రాయలేం. కూడిక తప్పు వస్తుందని కాదు, సగం కాగితాలు మన దగ్గర ఉండవు.

అన్నట్టు, మదర్ థెరిస్సా చనిపోయిన పదేళ్లకి, 2007లో, ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. లోకమంతా మహాభక్తురాలనుకున్న ఆ తల్లి దశాబ్దాల తరబడి లోపల చీకటే తప్ప దేవుడి సన్నిధి తెలియలేదని రాసుకుందట. అయినా రోజూ లేచి రోగుల పుళ్లు కడిగింది. నీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది చెల్లెమ్మా. మాట రాకపోవడం తప్పిపోవడం కాదు.

నా ఎనిమిది నెలలు ఎలా గడిచాయో కూడా చెప్పాలి కదూ. మా ఇళ్లల్లో ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి చర్చి డబ్బాలో వేసే అలవాటుంది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తమ్ముడు పోయిన మర్నాడు కూడా మా అమ్మ గుప్పెడు తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంకా ఎందుకమ్మా ఆయనకి?" అన్నాను. అమ్మ నాకేసి చూడలేదు. "ఆయనకి కాదే, ఎవరికో పొయ్యి మీదికి. నాకు నోరు రావట్లేదు, చెయ్యైనా రానీ" అంది.

ఆ నెలాఖరున డబ్బా చర్చికి నేనే పట్టుకెళ్లాను. పాస్టరమ్మగారు ఆ బియ్యం కొలిచి, కొడుకు పోయిన మరో తల్లి ఇంటికి నా చేతే పంపించారు. ఆవిడ సంచీ అందుకుని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం దేవుడి మాటెత్తలేదు. ఆ ఇంటినుంచి వస్తుంటే చాలా నెలల తర్వాత ఒక్క మాట నోట్లోంచి వచ్చింది. "ఆవిణ్ణి చూసుకో ప్రభువా" అన్నాను. మళ్లీ మొదలైంది అలాగే. తమ్ముడు ఎందుకు పోయాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంకో మాట. మా పక్కింటి మామ్మగారు తమ్ముడి కోసం కార్తీకమాసమంతా భీమేశ్వరస్వామికి దీపం పెట్టారు. వాడు పోయినప్పుడు చారు గిన్నె పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడి, "మా స్వామీ వినలేదే అమ్మాయ్. అలాగని రేపు దీపం మానతానా?" అన్నారు. అంతకు మించి ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ వారం నాకు తృప్తినిచ్చిన మాట అదొక్కటే.

ఇక నీకూ, నీలాంటి చెల్లెళ్లకూ నాలుగు మాటలు.

ఒకటి, ప్రార్థన చేస్తున్నాం కదా అని వైద్యం మానకండి. తాగుడు ఒక జబ్బు. దానికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. ఆయన్ని ఒప్పించి తీసుకెళ్లడం అవిశ్వాసం కాదు. ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం సహించడం భక్తి అనుకోవద్దు. పుట్టింటికో, నమ్మకమైనవాళ్ల దగ్గరికో వెళ్లు, పెద్దలకీ పోలీసులకీ చెప్పు.

రెండు, ఇంత కానుక ఇస్తే ఇంత పని జరుగుతుందని బేరం పెట్టేవాళ్లకి దూరంగా ఉండండి. మెళ్లో నానుతాడు తాకట్టు పెట్టి కొనుక్కునే వస్తువు కాదు దేవుడి దయ.

మూడు, మాట రాని రోజుల్లో మీ కోసం మరొకరిని ప్రార్థించమనండి. పక్షవాత రోగిని నలుగురు మంచంతో సహా మోసుకెళ్లిన కథ గుర్తుందిగా? అతను నడవలేదు, నడిచింది ఆ నలుగురే. నెలల తరబడి నిద్రా ఆకలీ లేకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. మనసు జబ్బుపడితే అదీ జబ్బే.

నాలుగు, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు చెప్పకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే! మీరూ ఓ క్యారేజీలో పప్పూ అన్నం పెట్టుకుని వెళ్లండి. గిన్నెలు తోమేసి రండి.

చెల్లెమ్మా, ఆ ఏడు కార్డులూ గోడమీంచి పీకెయ్యాలనిపిస్తే పీకెయ్, దేవుడేమీ అలగడు. ఉంచాలనిపిస్తే ఉంచు. మీ ఆయన మానతారని నేను మాటివ్వలేను. ఈ శుక్రవారం మా కూడికలో నీ పేరు పైకి చెప్పకుండా నీకోసం అడుగుతాం. నువ్వు ఆ పూట మోకాళ్లమీద ఉండక్కర్లేదు, కాసేపు పడుకో.

ఆవకాయ జాడీల సంగతి వచ్చేవారం. అందాకా సెలవు.

మీ అక్కయ్య